పెట్టె ముందు చెప్పిన పేరు

గాసి పని ఆనకట్ట కడుపులో.

బయట నిలబడి చూసేవాళ్లకి ఆనకట్ట అంటే నీళ్లూ, గేట్లూ, కింద తెల్లటి నురగా. ఆ రాతిగోడ లోపల మనిషి నిలువునా నడిచేటంత సొరంగం ఉంటుందని, నడి వేసవిలో కూడా అక్కడ చలేస్తుందని, గోడలు చెమట పట్టినట్టు ఊరుతుంటాయని చూడ్డానికొచ్చేవాళ్లకి ఎవరూ చెప్పరు. దాన్ని గ్యాలరీ అంటారు. రోజుకి నాలుగుసార్లు గాసి టార్చిలైటు పట్టుకుని ఆ చివర్నించి ఈ చివరికి నడుస్తాడు. గోడ పొడుగునా ఉన్న ఊట బొక్కల్లో ఎక్కడ ఎంత నీరు వస్తోందో కొలకర్ర పెట్టి చూసి, పైకొచ్చి చెబుతాడు. ఊట ఉన్నట్టుండి పెరిగినా, తేటగా రావలసిన నీళ్లు బురదగా వచ్చినా ఆనకట్టకి రోగం పట్టినట్టే. ఆ రోగం మొదట తెలిసేది గాసికి. ఇంజనీర్లకి తెలిసేది ఆ తరవాత.

అయినా గాసి ఉద్యోగి కాడు. ఎన్నెమ్మార్. అంటే రోజూ పొద్దున మస్తరులో పేరు పలికించుకుని పనిలోకి దిగేవాడు. పదిహేడేళ్లలో అయిదుగురు ఇంజనీర్లు వచ్చారు, పైకి ఎదిగి బదిలీ మీద వెళ్లారు. గాసి మాత్రం ప్రతి పొద్దునా కొత్తగా చేరినవాడే.

డొంకరాయికి ఎగువన కొండల మధ్య ఉంది ఆ చిన్న ఆనకట్ట. గాసి ఊరు పనసగుడ అక్కడికి రెండు కొండల అవతల. ఎనభై ఆరులో అతన్ని పనికి తెచ్చింది అన్న. తండ్రి పోయాక గాసిని పెంచినవాడూ అన్నే. వయసులో ఎనిమిదేళ్లు పెద్ద. మేస్త్రీ ముందు మూడు రోజులు ఇద్దరూ నిలబడ్డారు. మూడోనాడు మేస్త్రీ విసుగొచ్చి గాసి పేరు రాసుకున్నాడు. ఆ మర్నాడే గాసికి చలిజ్వరం. పదిహేను రోజులు లేవలేదు. ఆ పదిహేను రోజులూ మస్తరులో గాసి పేరు పిలిస్తే అన్న ‘ఉన్నాను’ అని పలికి, గాసి మొయ్యవలసిన రాయి మోసి, గాసి లేచి నిలబడ్డాక ఏమీ జరగనట్టు పోయి తన పోడు చేసుకున్నాడు. తరవాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కాఫీ మొక్కలకి నీడ చెట్లు ఎలా కొట్టాలో, సామలు ఎప్పుడు జల్లాలో, అవే అతని మాటలు.

రెండువేల మూడు శ్రావణంలో ఆ అన్నకి జ్వరం తలకెక్కింది. డోలీ కట్టారు. ముందు కొమ్ము గాసి భుజం మీద ఉంది. రోడ్డు దాకా మోశారు. చింతపల్లి జీపు కోసం దిరిసెన చెట్టు కింద దించారు. జీపు వచ్చింది కాని ఎక్కించడానికి మనిషి లేడు. ఆ జీపు డ్రైవరు పాపం చాలాసేపు ఇంజను ఆపి నిలబడ్డాడు. వచ్చిన దారినే డోలీ వెనక్కి మోశారు.

పనసగుడలో ఒక పద్ధతి ఉంది. చనిపోయినవాడికి తను చనిపోయానని వెంటనే తెలియదట. కొండ మీద, తన పొలం చుట్టూ, తను తిరిగిన దారుల్లో తిరుగుతూ ఉంటాడట. పంటలు ఇళ్లకి చేరాక పుష్యంలో రాయి నిలబెడతారు. అంతవరకూ ఆ మనిషి పేరు ఎవరూ పలకకూడదు. పలికితే విని, తననే పిలుస్తున్నారనుకుని ఇంటికి తిరిగొస్తాడు. వచ్చినవాడు లోపలికీ రాలేడు, బయటికీ పోలేడు. అందుకని ఇంట్లోవాళ్లు ‘పెద్దోడు’ అనో, ‘అడవికెళ్లిన మనిషి’ అనో అంటారు. తెలియని వాళ్లెవరైనా పేరు పెట్టి అడిగితే చెవులు రెండు చేతుల్తో మూసుకుని ‘అలాటోడు మాకు తెల్దు’ అంటారు. అది అబద్ధమని వాళ్లెవరూ అనుకోరు. పోయినవాడి క్షేమం కోసం చెప్పే మాట అది. రాయి నిలబెట్టిన నాడు తోడబుట్టినవాళ్లలో చిన్నవాడు రాతి మీద చెయ్యి వేసి, మొదటిసారి, మూడుసార్లు, ఆ పేరు పెట్టి పిలుస్తాడు. పోయినవాడు వచ్చి ఆ రాతిలో కూచుంటాడు. ఆ పైన ఎవరైనా ఆ పేరు హాయిగా పలకొచ్చు, కావాలంటే పుట్టిన బిడ్డకి పెట్టుకోవచ్చు.

ఆ పిలుపు గాసిది. అన్నకి అతనొక్కడే తమ్ముడు.

* * *

ఆ ఏడు వేసవిలో ఎక్కడో అడవి బంగళా ఒకటి నక్సలైట్లు పేల్చేశారు. దాంతో పట్నంలో కూచున్నవాళ్లకి ఆనకట్ట గుర్తొచ్చింది. గ్యాలరీలోకి, పవర్ హౌసులోకి వెళ్లేవాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవాలన్నారు. పదిహేడేళ్లుగా ఆ మనసుల్లో ఏముందని ఎవరూ అడగలేదు. పట్నంలో ఒక కంపెనీ దగ్గర దానికో యంత్రం ఉందట. మనిషి ఊపిరీ, చెమటా, గుండె కొట్టుకోవడం కొలిచి, లోపల చెడు ఉద్దేశం ఉంటే పట్టేస్తుందట.

ఇంజనీరు లక్ష్మీప్రసాద్ గాసిని పిలిచి చెప్పాడు. మైదానం నుంచి వచ్చిన మనిషి, చెడ్డవాడు కాడు.

“గాసీ, పర్మినెంట్ లిస్టు వచ్చింది. నీ పేరుంది. ఈ టెస్టు పాసైతే నీ ఆర్డరు నేనే చేతికిస్తా.”

“పాసవకపోతే బాబూ?”

“లిస్టులోంచి పేరు కొట్టేస్తారు. లోపలికి రానివ్వొద్దని రాశారు. నీకెందుకయ్యా ఆ భయం? నువ్వేం చేశావని?”

నిజమే, ఏం చేశాడని. గాసి భార్య దేముడమ్మ ఆ మాట విని పొయ్యి ముందు కూచుని చాలాసేపు నవ్వింది. పర్మినెంటయితే ప్రాజెక్టు క్వార్టర్సులో రెండు గదుల ఇల్లిస్తారు, కుళాయి ఉంటుంది. ఆమెకి కావలసింది ఆ కుళాయే.

ఆశ్వయుజంలో జీపు వచ్చింది. సూట్‌కేసంత పెట్టె దింపి ఇన్‌స్పెక్షన్ బంగళాలో భోజనాల బల్ల మీద పెట్టారు. మనుషులు వరండాలో వరసగా కూచున్నారు. గాసి పక్కన పంపు ఆపరేటరు పైడయ్య. విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చి ఇరవయ్యేళ్లయింది. నోరు మూతపడదు.

“ఒరే గాసీ, అదేటి సేత్తాదో తెల్సా? నీ గుండికాయ సప్పుడు కాయితం మీద గీత్తాది. ఆ గీత సూసి నువ్వు మంచోడివో సెడ్డోడివో సెప్పేత్తారు.”

“డాక్టరుగోరు కూడా గుండికాయ సప్పుడు ఇంటారు గదా పైడన్నా. ఆయనెప్పుడూ సెప్పనేదే?”

“డాక్టరుకేటి తెలుసురా. ఆడిది రబ్బరు గొట్టం. ఇది కరెంటు.”

“మరి నీ డీజిలు సంగతి పట్టేత్తాదేమో!” అన్నాడు గాసి మెల్లగా. పంపు డీజిలు డబ్బాల్లోకెక్కి సంతకి పోతుందన్నది వరండాలో అందరికీ తెలుసు.

పైడయ్య కాలు మీద కాలేసుకున్నాడు. “అడిగితే గదరా పట్టేది! ఈళ్లు బాంబులు గురించి అడుగుతారు గాని డీజిలు గురించి అడుగుతారా? మనసు కడిగిన పళ్లెంలాగెట్టుకుని ఎల్లిపో.”

పైడయ్య లోపలికెళ్లి అరగంటలో బయటికొచ్చాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ కన్ను గీటాడు. పాసు.

గాసి వంతు వచ్చింది. యంత్రం నడిపేవాడు రవిబాబు. పాతికేళ్లుంటాయేమో, మెడలో సన్నటి గొలుసు, మాట మెత్తన. గాసి ఛాతీకి రెండు పట్టాలు చుట్టాడు, జబ్బకి గుడ్డ చుట్టి గాలి కొట్టాడు, వేళ్లకి తీగలు తగిలించాడు. చేతులు కుర్చీ చేతుల మీదినించి కదపొద్దన్నాడు. తెరిచిన కిటికీలోంచి ఎదురుగా కొండ కనిపిస్తోంది. ఆ కొండకి అవతలి వాలులోనే అన్న పొలం.

ముందు యంత్రాన్ని సరిచూసుకోవాలన్నాడు రవిబాబు. అయిదు చీట్లలో ఒకటి తియ్యమన్నాడు. నాలుగో అంకె వచ్చింది.

“ఇప్పుడు నేను ఏ అంకె అడిగినా కాదనే చెప్పాలి. నువ్వు తీసింది అడిగినా కాదనాలి. సరేనా? ఒకటా?”

“కాదు.”

“నాలుగా?”

“అవును బాబూ.”

“కాదనాలయ్యా. అబద్ధం చెప్పాలి. నువ్వు అబద్ధం చెబితే గీత ఎలా పోతుందో నేను చూడాలి.”

“ఇదుగో, సీటీ నా సేతిలోనే ఉంది. ఉన్నదాన్ని నేదని ఎలాగ సెప్పేది బాబూ?”

మూడుసార్లు ప్రయత్నించి రవిబాబు చీట్లు పక్కన పెట్టేశాడు. గాసికి సిగ్గేసింది. చదువుకున్న కుర్రాడు అడిగిన చిన్న పని చెయ్యలేకపోయాడు.

“సరే. ఇంకనించి అవును, కాదు. అంతే. నీ పేరు గాసా?”

“అవును.”

“గ్యాలరీ తాళం నీ దగ్గర ఉంటుందా?”

“అవును.”

“ఫల్గుణ అనే మనిషి నీకు తెలుసా?”

గాసి చేతులు చెవుల దాకా లేవబోయాయి. తీగలు లాగాయి. రవిబాబు “కదలకు” అన్నాడు. గాసి కిటికీ కేసి చూశాడు. ఆ పేరు గదిలోంచి బయటపడి, గడ్డి దాటి, కొండ మీదికి పోతున్నట్టే అనిపించింది. పోయి, రెండు నెలలుగా ఒక్కడే తిరుగుతున్న మనిషి చెవిన పడి, అతను ఆగి, ఇటు తల తిప్పినట్టు.

“తెల్దు,” అన్నాడు గాసి.

కాగితం మీద గీతలు గీసే మూడు ములుకులూ ఒక్కసారి పైకీ కిందికీ కొట్టుకున్నాయి. ఆ చప్పుడు గాసికి వినిపించింది.

రవిబాబు ఏవేవో అడిగి మళ్లీ ఆ పేరే అడిగాడు. మళ్లీ “తెల్దు.” ఇంకో నాలుగు అడిగి మూడోసారి. గాసి వీపు మీద చెమట కాలవ కట్టింది. ఆ పైన, ఈ ప్రాజెక్టుకి గాని ఇక్కడి మనుషులకి గాని హాని చెయ్యాలని నీ మనసులో ఉందా అని అడిగితే “నేదు బాబూ, నేదు” అన్నాడు. అంతకన్నా నిజమైన మాట ఆ బంగళాలో ఆ రోజు ఎవరూ చెప్పి ఉండరు. కాని గుండె అప్పటికే పరుగులో ఉంది. ములుకులు ఆగలేదు.

ఆ పేరు పెట్టెవాళ్ల దగ్గరికి ఎలా వచ్చిందంటే, రెండేళ్ల కిందట దళం వాళ్లు పనసగుడ మీదుగా పోతూ అన్నం అడిగారు. పొయ్యి ఉన్న ప్రతి ఇల్లూ వండిపెట్టింది. కొండ మీద ఆకలన్నవాడికి వండకుండా ఉండటం ఎవరికీ తెలియదు. ఎవరో పోలీసులకి రాసి పంపిన కాగితం మీదికి మాత్రం మూడిళ్ల పేర్లే ఎక్కాయి. ఆ మూడిట్లో ఒకటి అన్నది. మనిషి పోయాడని ఆ కాగితానికి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఫలితం వచ్చింది. సొంత అన్నని తెలియదన్నాడు. దాస్తున్నాడు. హాని ఉద్దేశం ఉండవచ్చు.

గ్యాలరీ తాళం తీసేసుకున్నారు. ఫొటో తీసి, పది వేళ్లకీ నల్ల రంగు పూసి ముద్రలు వేయించుకున్నారు. కరకట్ట మీద గడ్డి కొయ్యమన్నారు. గ్యాలరీలోకి డీజిలు పైడయ్యని పంపారు. రెండో రోజున పైడయ్య గడ్డిలోకొచ్చి గాసి పక్కన చతికిలబడ్డాడు.

“ఒరే, పన్నెండో బొక్క కాడ నీళ్లు మసగ్గా వత్తన్నాయిరా. ఎప్పుడూ అంతేనా?”

“వానలయ్యాక నాలుగు రోజులు అంతే. అయిదో నాడు కూడా అలాగే వత్తే సారుకి సెప్పు.” గాసి కొడవలి ఆపలేదు. “గోడకి సెవి పెట్టి సూడు. బుడబుడమంటే మంచిదే. సప్పుడు నేకపోతేనే బయం.”

“నిన్నా ఈళ్లు దొంగన్నది,” అన్నాడు పైడయ్య.

* * *

లక్ష్మీప్రసాద్ ఊరుకోలేదు. గాసిని గదిలో కూచోబెట్టి, తలుపు వేసి అడిగాడు. గాసి చెప్పాడు. పేరు ఎత్తకుండానే, పెద్దోడి సంగతీ రాయి సంగతీ పిలుపు సంగతీ చెప్పాడు. ఇంజనీరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి విన్నాడు.

“ఇదా కథ! మరి అక్కడే చెప్పొచ్చు కదయ్యా.”

“అవును కాదు తప్ప సెప్పొద్దన్నాడు బాబూ.”

“సరే. రిపోర్టులో ఇదంతా రాస్తే పైవాళ్లు చదవరు. వాళ్లకి గీత కావాలి. రవిబాబు పదిహేను రోజుల్లో మళ్లీ వస్తున్నాడు. నిన్ను మళ్లీ కూచోబెడతా. ఫలానావాడు మా అన్న, చనిపోయాడు అని చెప్పు. అయిపోతుంది.”

“పుష్యం దాకా ఆగమనండి బాబూ. రాయెట్టేశాక ఎన్నిసార్లడిగినా సెప్తాను.”

“లిస్టు ఈ నెలాఖరుకి వెళ్లిపోతుంది గాసీ. నేను ఆపలేను.” కళ్లజోడు పెట్టుకున్నాడు. “ఒక్క పేరే కదయ్యా.”

గాసి మనసులో ఆ మాట పదిహేను రోజులూ తిరిగింది. ఒక్క పేరే. ఒక పక్క పదిహేడేళ్ల పని, కుళాయి, తన తరవాత పిల్లలకి మిగిలేది. ఇంకో పక్క ఒక్క పేరు. ఇంజనీరు అన్నట్టు తూస్తే తేలిపోతుంది. కాని ఆ తూకం ఇంజనీరుది.

పనసగుడ వెళ్లాడు. వదిన రాజకుమారి వాకిట్లో చేటతో సామలు చెరుగుతోంది. మరిదిని చూసి చేట ఆపింది.

“అంబలి తాగుతావా గాసీ?”

“తర్వాత తాగుతాను వదినా. ఒక మాటుంది.”

అంతా చెప్పాడు. ఆమె వింటూనే చెరిగింది. పొట్టు గాలికి పోయింది.

“నువ్వడగడానికొచ్చినావంటే సెప్పీడానికే వొచ్చినావు,” అంది చివరికి. “వొద్దనుకుంటే ఇంత దూరం రావు.”

“నువ్వు వొద్దంటే సెప్పను వదినా.”

“నామీద పెట్టకు. నాను వొద్దన్నాననుకో, రేపు నీ పెళ్లం కుండట్టుకుని గెడ్డకెళ్లినప్పుడల్లా నన్ను తిట్టుకుంటాది.” చేట కింద పెట్టింది. “నాకు బయ్యం ఆ మనిషి వొత్తాడని కాదు. వొచ్చి తలుపు కాడ నిలబడితే నాను తీసేత్తాను గాసీ. పెద్దోళ్లు తియ్యొద్దన్నారు, తెలుసు. అయినా తీసేత్తాను. నా గురించి నాకు తెలుసు. తీసినానంటే ఆడు మరి యాడికీ పోలేడు. అలాగ నిలబడి ఉండిపోతాడు. అదీ నా బయ్యం.”

ఆమె లేచి అంబలి తెచ్చి ముందు పెట్టింది. అతను తాగాడు. ఆ ఇంట్లో అతను తిన్న తిండికి లెక్కలేదు.

* * *

రెండోసారి కుర్చీలో కూచున్నప్పుడు గాసి ఒక్కటే అడిగాడు.

“కిటికీలు మూసీండి బాబూ.”

“ఉక్కపోస్తుందయ్యా.”

“మూసీండి. తలుపు కూడా.”

రవిబాబు మూయించాడు. గదిలో చీకటి కమ్మితే లైటు వేశాడు. పట్టాలు చుట్టాడు, తీగలు తగిలించాడు. ఈసారి చీట్ల ఆట ఆడలేదు. నీ పేరు, నీ ఊరు, గ్యాలరీ తాళం. తరవాత కొంచెం ఆగి, మెత్తగా అడిగాడు.

“ఫల్గుణ నీకు తెలుసా?”

“తెలుసు. ఫల్గుణ మా అన్న. శ్రావణంలో సచ్చిపోనాడు.”

ఎవరి నోటితోనో చెప్పినట్టుంది. ఆ పేరు తన గొంతులోంచి ఎన్ని వేలసార్లు వచ్చి ఉంటుందో, గట్టు మీంచి కేకేసి, తాటి కల్లు దగ్గర తగువులాడి, జ్వరంలో కలవరించి. ఇలా ఎప్పుడూ రాలేదు. పుష్యంలో చలిలో, రాతి మీద చెయ్యి పెట్టి, ఊరంతా వింటుండగా రావలసింది, మూసిన గదిలో ఒక పెట్టెకి చెప్పేశాడు. భయపడతాననుకున్నాడు. భయం వెయ్యలేదు. లోపల ఎక్కడో ఒక దీపం ఆరినట్టు చల్లగా అయిపోయింది, అంతే. ములుకులు నిమ్మళంగా గీతలు గీసుకుంటూ పోయాయి.

“ఈ ప్రాజెక్టుకి గాని, ఇక్కడి మనుషులకి గాని హాని చెయ్యాలని నీ మనసులో ఉందా?”

గాసి రవిబాబు మెడలో గొలుసు చూశాడు. ఆ పెట్టె చూశాడు. గ్యాలరీలో పన్నెండో బొక్క దగ్గర బురద నీళ్లు అయిదో నాడు వచ్చినా, పదో నాడు వచ్చినా, పైకొచ్చి అంతా బాగుంది సారూ అని చెబితే ఏమవుతుందో చూశాడు. పదిహేడేళ్లలో ఆ ఆలోచన అతనికి ఒక్కనాడూ రాలేదు. ఇప్పుడు వచ్చింది, కూచుంది. దాన్ని కూచోనిచ్చి, కొంతసేపు చూసి,

“నేదు,” అన్నాడు.

గీత తొణకలేదు.

“చూశావా!” రవిబాబు సంతోషంగా కాగితం చింపాడు. “నిజం చెబితే ఎంత హాయిగా వస్తుందో! మొదటే ఇలా చెప్పుంటే ఎంత బాగుండేది?”

గాసి పట్టాలు విప్పించుకుని బయటికొచ్చాడు. నెలాఖరుకి ఆర్డరు వచ్చింది. లక్ష్మీప్రసాద్ చెప్పినట్టే తన చేత్తో ఇచ్చాడు, పక్కనే గ్యాలరీ తాళం. ఫొటో ఉన్న కార్డు మెడలో వేసుకోవాలన్నారు. దేముడమ్మ క్వార్టర్సులో కుళాయి తిప్పింది, మూసింది, మళ్లీ తిప్పింది. గాసి గ్యాలరీలోకి దిగి పన్నెండో బొక్క దగ్గర గోడకి చెవి ఆనించాడు. బుడబుడమంటోంది. నీళ్లు తేటగా ఉన్నాయి. పైకొచ్చి ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. మర్నాడూ అంతే. ఆ ఆలోచన మాత్రం పోలేదు. రోజూ టార్చిలైటు వెనకాలే నడిచేది. గాసి దాని మాట వినలేదు. అది అక్కడ ఉందని ఏ యంత్రానికీ తెలియలేదు.

* * *

పుష్యంలో రాయి. పొలం గట్టు మీద గొయ్యి తవ్వారు. నడుమెత్తు నల్లరాయిని ఎనిమిది మంది మోసుకొచ్చి గొయ్యి పక్కన పడుకోబెట్టారు. రాళ్ల పనులూ ముహూర్తాలూ చూసే దిశారి యర్రయ్య ముసలివాడు, కళ్లకి పొర కమ్మింది. ఇంట్లోవాళ్లనీ దాయాదులనీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కళ్ల దోసిట్లో గుప్పెడు బియ్యం పోశాడు. ఇది కూడా పద్ధతే. రాయి లేపే ముందు అందరినీ ఒకటే అడుగుతాడు.

“ఇన్నాళ్లలో ఆ మనిషిని పిలిసినావా?”

దాయాది భీముడు “నేదు” అని బియ్యం రాతి మీద పోశాడు. పెద్దనాన్న కొడుకులు పోశారు. రాజకుమారి పోసింది. ఆమె గాసి కేసి చూడలేదు. ఎప్పుడు చెప్పావని గాని, చెప్పావా అని గాని ఈ మూడు నెలల్లో అడగలేదు. రాత్రుళ్లు తలుపుకి రోకలి అడ్డం పెట్టుకుంటోందని మాత్రం దేముడమ్మ ఎవరి నోటో విని వచ్చి చెప్పింది.

యర్రయ్య గాసి ముందుకొచ్చాడు.

“పిలిసినావా?”

ఆ పొర కమ్మిన కళ్లు గాసి మొహం మీద లేవు, ఎక్కడో పక్కన ఉన్నాయి. చేతికి తీగలు లేవు, ఛాతీకి పట్టా లేదు. పక్కనే రాతి మీద చోటు, తన చెయ్యి కోసం. ‘నేదు’ అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎలా చెప్పాలో ఇప్పుడు అతనికి వచ్చు. గుండె కూడా పరిగెత్తదు. చెప్పి, బియ్యం పోసి, అన్నని పిలుచుకోవచ్చు. ఊళ్లో ఎవరికీ తెలియదు, తెలిసిన ఒక్క మనిషీ నోరు విప్పదు.

దోసిట్లో బియ్యం వేళ్ల సందుల్లోంచి జారుతున్నాయి.

“పిలిసినాను తాతా,” అన్నాడు. “పనికాడ. పెట్టి ముందల.”

యర్రయ్య తిట్టలేదు. గాసి దోసిలి పట్టుకుని బియ్యం నేల మీద ఒంపించాడు. “మరైతే నువ్వు ఇవతలకి రా,” అన్నాడు, వాన వస్తోంది లోపలికి రా అన్నట్టు. “భీముడూ, నువ్వు రా.”

అన్న బతికుండగా భీముడు అతనితో గట్టు తగాదా పెట్టుకుని మూడేళ్లు మాట్లాడలేదు. ఇష్టం లేకుండానే ముందుకొచ్చాడు. రాయి లేపారు. గొయ్యిలో దిగింది. భీముడు చెయ్యి వేసి పిలిచాడు. మొదటిసారి గొంతు బొంగురుపోయింది, దగ్గి మళ్లీ పిలిచాడు. మూడోసారి గట్టిగా వచ్చింది. రాజకుమారి కొండ కేసి తిరిగి ఉంది. మూడో పిలుపుకి ఆమె భుజాలు కిందికి దిగాయి. గాసికి అది కనిపించింది. వచ్చాడన్నమాట. ఎవరు పిలిచినా వచ్చాడు.

గాసి మిగతావాళ్లతో పాటు గొయ్యిలో మట్టి పోసి కాళ్లతో తొక్కాడు.

సాయంత్రం దాకా గట్టు మీద వంటలూ కల్లూ. అయిదు నెలలు నోళ్లలో బిగబట్టుకున్న పేరు ఒక్కసారి బయటపడింది. ఫల్గుణ ఎలుగ్గొడ్డుని చూసి చెట్టెక్కిన సంగతి, ఫల్గుణ డుంబ్రిగుడ సంతలో ఒక చెవిటి కోడిని కొనుక్కొచ్చిన సంగతి, ఫల్గుణ పెళ్లిలో పాట తప్పు పాడిన సంగతి. జనం నవ్వుతున్నారు. రాజకుమారి కూడా ఒకసారి నవ్వింది. ఆ తరవాత అంబలి ముంత తెచ్చి అందరికీ పోస్తూ గాసి దగ్గర ఆగింది. పోసింది.

“ఒరే గాసీ,” భీముడు కల్లు మీద కేకేశాడు, “ఆ కోడి సంగతి నీకు బాగా తెల్సు. ఫల్గుణ దాన్నేటని పిలిసేవోడు?”

అందరూ ఇటు తిరిగారు. గాసి నోరు తెరిచాడు. కోడి పేరు వచ్చింది, అన్న పేరు రాలేదు. గొంతులో దాని చోటు ఖాళీగా ఉంది.

“మా పెద్దోడు దాన్ని దొరసానీ అని పిలిసేవోడు,” అన్నాడు.

“ఇంకా పెద్దోడేటిరా, రాయెట్టేశాం గదా! పేరెట్టి సెప్పొచ్చు!” అన్నారెవరో నవ్వుతూ.

గాసి తలూపాడు. ముంత ఎత్తి తాగాడు. పొద్దు కొండ వెనక్కి పోతోంది, మర్నాడు పొద్దున్న షిఫ్టు అతనిది. మెడలో కార్డు చొక్కా లోపలికి తోసుకుని, అందరికన్నా ముందు లేచాడు.